అద్దె బిల్డింగ్‌లో హాస్టల్ నడుపుతున్నారా? కర్బన ఉద్గారాలు ఇలా తగ్గించుకోండి

హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా, కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా గల్లీకో హాస్టల్ కనిపిస్తుంది. వాటిని నడిపేవాళ్లలో చాలామందికి బిల్డింగ్ సొంతం కాదు. మూడేళ్లకో ఐదేళ్లకో అగ్రిమెంట్ రాసుకుని, అడ్వాన్స్ కట్టి, మంచాలు, పరుపులు, వంట సామాను తెచ్చి పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. కార్బన్ (కరెంటు, గ్యాస్, డీజిల్ వాడకం వల్ల గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు) తగ్గించాలంటే టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టేయండి అని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. రేపు ఓనర్ ఖాళీ చేయమంటే ఆ ప్యానెళ్లు ఎవరివి?

అందుకని ఏ పని మొదలుపెట్టినా రెండు ప్రశ్నలు వేసుకోండి. పెట్టిన డబ్బు అగ్రిమెంట్ ముగిసేలోపు తిరిగొస్తుందా? రాకపోతే, ఖాళీ చేసేటప్పుడు ఆ వస్తువు విప్పుకుని తీసుకెళ్లగలమా? ఈ రెంటిలో ఒకదానికైనా అవును అనే జవాబు వస్తేనే జేబులో చెయ్యి పెట్టండి. ఇలా చూస్తే వేడినీళ్లు, ఫ్యాన్లు, మెస్ ముందు వరసలోకి వస్తాయి. సోలార్ ప్యానెళ్లు చివరికి పోతాయి.

ముందు బిల్లులు బయటికి తీయండి

గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు, గ్యాస్ సిలిండర్ల లెక్క, జనరేటర్ ఉంటే డీజిల్ లెక్క ఒక నోటుబుక్కులో రాయండి. తర్వాత చిన్న గుణకారం. మన గ్రిడ్ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోవాలి. గ్యాస్ కిలోకు 3 కిలోలు, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కు 57 కిలోలు. డీజిల్ లీటరుకు 2.7 కిలోలు.

ఉదాహరణకు 60 బెడ్ల హాస్టల్ అనుకుందాం. నెలకు 4,500 యూనిట్ల కరెంటు, 12 సిలిండర్లు, 40 లీటర్ల డీజిల్. కరెంటు 3,150 కిలోలు, గ్యాస్ 684, డీజిల్ 108. మొత్తం నాలుగు టన్నులకు కాస్త తక్కువ. బెడ్‌కు నెలకు 65 కిలోల చిల్లర. ఈ బెడ్ లెక్కనే పట్టుకోండి. మొత్తం మాత్రమే చూస్తే, సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు పోయి సగం హాస్టల్ ఖాళీ అయిన నెలలో మనమేదో సాధించాం అనిపిస్తుంది. కాబట్టి ఆ నెలలో నిండిన బెడ్ల సంఖ్యతో భాగించండి.

బియ్యం, కూరగాయలు, పాలు ఈ లెక్కలో లేవు. వాటి సంగతి మెస్ దగ్గర చూద్దాం.

వేడినీళ్లతో మొదలుపెట్టండి

20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 0.35 యూనిట్ కరెంటు కావాలి. ఇది భౌతికశాస్త్రం లెక్క, ఏ గీజరూ దీన్ని తగ్గించలేదు. 60 మంది ఒక్కో బకెట్ పోసుకుంటే రోజుకు 21 యూనిట్లు. మీ మీటరు మాత్రం అంతకంటే చాలా ఎక్కువే చూపిస్తుంది. కారణం, ఆన్‌లో వదిలేసిన గీజర్ ఎవరూ కుళాయి తిప్పకపోయినా రోజుకు అర యూనిట్ నుంచి యూనిట్ దాకా తింటుంది. 20 అటాచ్డ్ బాత్రూమ్‌లుంటే, ఎవరూ స్నానం చేయకుండానే పది యూనిట్ల పైన పోయినట్టు.

మొదటి వారంలో చేయాల్సింది ఇది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గీజర్ల థర్మోస్టాట్ 50, 55 డిగ్రీల మధ్య పెట్టించండి. చాలావాటిని ఫుల్లుకు తిప్పి వదిలేసి ఉంటారు. గీజర్ల లైన్లన్నీ ఒక టైమర్ మీదికి తెప్పించి, ఉదయం ఐదు నుంచి తొమ్మిదిన్నర, రాత్రి ఎనిమిది నుంచి పది దాకా మాత్రమే కరెంటు వచ్చేలా చేయండి. నైట్ షిఫ్ట్ పిల్లలుంటే వాళ్లందరినీ ఒకే ఫ్లోర్‌కు మార్చి, ఆ ఫ్లోర్ టైమర్ వేరేగా పెట్టుకోండి. టైమింగ్ నచ్చక గొడవ చేసేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. రెండు వారాలు ఓపిక పట్టండి, సర్దుకుంటారు.

తర్వాత పెద్ద నిర్ణయం. టెర్రస్ మీద నీడ లేని చోటుంటే సోలార్ వాటర్ హీటర్ పెట్టుకోవచ్చు. ఇది కరెంటు తయారుచేసే ప్యానెల్ కాదు, నేరుగా నీళ్లు కాచేది. విప్పి ఇంకో బిల్డింగ్‌కు తీసుకెళ్లవచ్చు కూడా. సోలార్ నీళ్లు 60 డిగ్రీల దాకా వస్తాయి, సగానికి పైగా చన్నీళ్లు కలుపుకోవాలి కాబట్టి మనిషికి 9, 10 లీటర్లు చాలు. పైపుల్లో పోయేది, ధారాళంగా వాడేవాళ్లు, అన్నీ కలుపుకుని 60 మందికి 750 నుంచి 1,000 లీటర్ల సిస్టమ్ సరిపోతుంది. నీళ్లతో నిండిన ట్యాంకు టన్ను బరువు తూగుతుంది. స్లాబు మీద ఎక్కడ పెట్టాలో సివిల్ ఇంజినీర్‌ను అడగకుండా పెట్టకండి.

బోరు నీళ్లయితే ముందు టెస్ట్ చేయించండి. మన బోర్లలో నీళ్లు చాలాచోట్ల కఠినం. రాగి గొట్టాల మోడల్‌లో సున్నం పేరుకుని కొన్నాళ్లకు నీళ్లు పారవు. అలాంటిచోట గాజు ట్యూబుల మోడల్ గానీ, హీట్ ఎక్స్ఛేంజర్ (బోరు నీళ్లు ఆ గొట్టాల్లోకి పోకుండా, వేరే ద్రవం ద్వారా వేడిని అందించేది) ఉన్నది గానీ తీసుకోవాలి. ట్యాంకులో బ్యాకప్ హీటర్ ఉంటుంది, దానితో జాగ్రత్త. దాన్ని 24 గంటలూ ఆన్‌లో ఉంచితే సాయంత్రం నీళ్లు వాడగానే రాత్రంతా కరెంటుతో కాచేస్తుంది. తెల్లారాక ఎండకు పనే ఉండదు. బ్యాకప్‌ను తెల్లవారుజామున ఒక గంట మాత్రమే వెలిగేలా టైమర్‌కు కట్టండి. అదీ ముసురు రోజుల్లోనే. సెంట్రల్ ట్యాంకు ఏదైనా సరే వారానికోసారి 60 డిగ్రీలు దాటేలా కాచాలి. గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

పైపుల దూరం ఇంకో చిక్కు. టెర్రస్ మీంచి మొదటి అంతస్తుకు వేడినీళ్లు దిగేలోపు బకెట్ సగం చన్నీళ్లే వస్తాయి. ప్రతి బాత్రూమ్‌కూ లైన్ లాగే బదులు ఫ్లోర్‌కు ఒక వేడినీళ్ల కుళాయి పెట్టి, బకెట్ పట్టుకెళ్లమనడం చౌక, ఆదా కూడా. నెలకు పదిహేను వేలు తీసుకునే కో-లివింగ్‌లో ఈ మాట చెల్లదు. ఆరేడు వేల హాస్టల్‌లో చెల్లుతుంది.

టెర్రస్ మీద చోటు లేదా? హీట్ పంప్ వాటర్ హీటర్ చూడండి. గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇచ్చే యంత్రం. యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, అంటే గీజర్ కరెంటులో మూడో వంతుతో పని అయిపోతుంది. గ్యాస్ గీజర్ జోలికి మాత్రం పోకండి. కార్బన్ లెక్కలో అది కరెంటు గీజర్ కంటే మెరుగే. కానీ గాలి ఆడని బాత్రూమ్‌లో కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణాలు పోతాయి.

ఫ్యాన్లు, ఏసీలు

లైట్ల గురించి పెద్దగా చెప్పను. ఇప్పటికే అందరూ ఎల్ఈడీలు పెట్టేశారు. మెట్ల దగ్గర, కారిడార్‌లో సెన్సర్ పెట్టించి వదిలేయండి.

అసలు లాభం ఫ్యాన్లలో ఉంది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది) 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 14 గంటలు తిరిగే హాస్టల్ ఫ్యాన్ మీద నెలకు 19 యూనిట్లు మిగులుతాయి. లెక్క సులువుగా ఉండటానికి యూనిట్ పది రూపాయలనుకుంటే 190 రూపాయలు. మూడు వేల ఫ్యాన్ డబ్బులు ఏడాదిన్నరలో వచ్చేస్తాయి, ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లు విప్పుకుని పోవచ్చు. 40 ఫ్యాన్లు మారిస్తే నెలకు 760 యూనిట్లు, అర టన్నుకు పైగా కార్బన్ తగ్గుతుంది. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. పై అంతస్తు నుంచి మొదలుపెట్టండి, ఫ్యాన్ అక్కడే ఎక్కువసేపు తిరుగుతుంది.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఈ ఫ్యాన్లు ఎక్కువగా రిమోట్‌తో వస్తాయి, హాస్టల్ రూమ్‌లో రిమోట్ నెల ఆగదు. గోడ మీది రెగ్యులేటర్‌తో నడిచే మోడల్ అడిగి తీసుకోండి. పాత రెగ్యులేటర్‌కు పడదనుకుంటే దాన్ని తీయించేయాలి.

ఏసీ రూమ్‌లుంటే రూమ్‌కో సబ్‌మీటర్ పెట్టి, వాడిన యూనిట్లకు వాళ్ల దగ్గరే డబ్బులు తీసుకోండి. ఇంతకు మించిన ప్రచారం ఇంకోటి లేదు. స్విచ్ పక్కన అంటించే "విద్యుత్ ఆదా చేయండి" స్టిక్కర్లను ఎవరూ చదవరు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్‌తో రావాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 18లో పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్లకు సబ్‌మీటర్ బిల్లే ఈ పాఠం చెబుతుంది.

ఏసీలో చాలామంది పట్టించుకోనిది గ్యాస్. ఏటా మార్చిలో టెక్నీషియన్ వచ్చి "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అంటాడు. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే లీకవుతున్నట్టే. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే దాదాపు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రెండున్నర వేల యూనిట్ల కరెంటు కాల్చినంత! ఆర్-410ఏ అయితే రెండు టన్నుల పైనే. ఆర్-32 దాదాపు అందులో మూడో వంతు. కాబట్టి లీకు ఎక్కడుందో వెతికి అతుకు వేయించాకే గ్యాస్ నింపనివ్వండి. ఏసీని ఒక రూమ్ నుంచి ఇంకో రూమ్‌కు మార్చేటప్పుడు, పాతదాన్ని అమ్మేటప్పుడు "పంప్‌డౌన్ చేసి విప్పు" అని గట్టిగా చెప్పండి. అంటే గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాక్కుని వాల్వులు మూయడం. పది నిమిషాల పని. చెప్పకపోతే కొందరు పైపు విప్పి బుస్సున వదిలేస్తారు.

మెస్‌లో చూడాల్సింది సిలిండర్ కంటే బియ్యం బస్తాను

60 మందికి రోజుకు 20 కిలోల బియ్యం, నెలకు 600 కిలోలు అనుకుందాం. నీళ్లు నిలబెట్టిన వరి మడిలో మీథేన్ పుడుతుంది. ఎరువులు, మోటార్లు, మిల్లు కూడా కలుపుకుంటే కిలో బియ్యం వెనకాల రెండు నుంచి నాలుగు కిలోల ఉద్గారాలుంటాయి. మధ్యలో మూడు తీసుకున్నా నెలకు 1,800 కిలోలు. ఆ అన్నం, కూరలు, టిఫిన్లు అన్నీ వండిన గ్యాస్ 684 కిలోలే. మెస్‌లో అసలు బరువు బస్తాలో ఉంది. పారేసే అన్నం తగ్గించడం ముందు పని, మంట తగ్గించడం తర్వాతి పని.

రెండు బకెట్లు పెట్టండి. ఒకటి గిన్నెల్లో మిగిలిపోయినదానికి, ఇంకోటి ప్లేట్లలోంచి పారేసినదానికి. రాత్రి రెండూ తూచి పుస్తకంలో రాయించండి. గిన్నెలో మిగిలితే తల లెక్క తప్పినట్టు. ప్లేట్లో మిగిలితే వంట బాగా లేనట్టు. ఒక్క నెల రాస్తే ఏ రోజు ఏది మిగులుతోందో తెలిసిపోతుంది. ఉప్మా రోజు సంగతి మీకు పుస్తకం చూడకుండానే తెలుసనుకోండి.

తల లెక్కకు వాట్సాప్ గ్రూపులో సాయంత్రం నాలుగింటికి పోల్ పెట్టండి: రాత్రికి తింటున్నారా లేదా. సగం మందే జవాబిస్తారు, పర్లేదు. శుక్ర, శనివారాల్లో బయట తినేవాళ్లు, ఊరెళ్లేవాళ్లు ఎంతమందో నాలుగు వారాల్లో అంచనా దొరుకుతుంది. అన్నం ఒకేసారి వండించకండి. ఏడింటికి డెబ్బై శాతం, ఎనిమిదిన్నరకు ఎంతమంది వచ్చారో చూసి మిగతాది. ఆఫీసు నుంచి పదింటికి వచ్చే పిల్లలకు వేడి అన్నం కూడా దొరుకుతుంది.

ఇక్కడ అడ్డం పడేది వంట మాస్టర్ భయం. అన్నం చాలకపోతే తిట్లు తినేది ఆయనే, అందుకే రెండు కిలోలు ఎక్కువే పోస్తాడు. ఆ భయం మీరు తీయాలి. చాలని రోజు పది నిమిషాల్లో అయిపోయే సరుకు ఎప్పుడూ స్టోర్‌లో ఉంచండి: గుడ్లు, బ్రెడ్, అటుకులు. "తక్కువ పడితే నా బాధ్యత" అని హెల్పర్ల ముందే చెప్పండి.

వారానికి రెండు రాత్రులు జొన్న రొట్టె పెట్టగలిగితే బియ్యం ఇంకా తగ్గుతుంది. జొన్న మెట్ట పంట, మడిలో నీళ్లు నిలబెట్టే పని లేదు. కాకపోతే అరవై మందికి రొట్టెలు కొట్టాలంటే చేతులు కావాలి. రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు ఇప్పుడు దాదాపు ప్రతి ఏరియాలో ఉన్నారు, వాళ్లకు ఆర్డర్ ఇవ్వడం మేలు. మాంసం విషయంలో, మటన్ వెనక ఉద్గారాలు చికెన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ధర చూసి హాస్టళ్లు ఎలాగూ మటన్ జోలికి పోవు. ఆదివారం చికెన్ తీసేయమని నేను చెప్పను, తీస్తే సోమవారానికి సగం బెడ్లు ఖాళీ!

ఇక సిలిండర్. కొత్తది బిగించిన తేదీ గోడ మీద చాక్‌పీసుతో రాయించండి. ఎన్ని రోజులు వచ్చిందో ఎవరికైనా కనబడాలి. బియ్యం, పప్పు అరగంట ముందు నానబెట్టడం, గిన్నె మీద మూత, పప్పుకు పెద్ద ప్రెజర్ కుక్కర్, పొంగు వచ్చాక మంట తగ్గించడం వంటివి తెలిసినవే, జరగనివే. మంట పసుపుగా ఉంటే బర్నర్ మసిపట్టిందన్నమాట, నీలంగా వచ్చేదాకా శుభ్రం చేయించండి.

గ్యాస్ తీసేసి ఇండక్షన్ పెట్టమని ఎవరైనా చెబితే ఆగండి. గిన్నెకు చేరే ప్రతి యూనిట్ వేడికి గ్యాస్ మీద 0.4 నుంచి 0.5 కిలోల కార్బన్ పడుతుంది. ఇప్పటి గ్రిడ్ కరెంటుతో ఇండక్షన్ మీద 0.8 కిలోలు. మీ సొంత సోలార్ కరెంటు పగలు మిగులుతుంటే తప్ప ఇప్పటికి గ్యాసే నయం.

తడి చెత్త

గాలి ఆడని చెత్తగుట్టలో అన్నం, కూరలు కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. తడి, పొడి కలిపేసి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పంపితే జరిగేది అదే. కాబట్టి వేరు చేయడం తప్పదు. కూరగాయల తొక్కలకు కంపోస్టు డ్రమ్ములు చాలు, ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు పొట్టు గానీ కలుపుతూ ఉంటే వాసన రాదు.

బయోగ్యాస్ పేరు వినగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు ఉంది. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పాక అందరికీ తెలిసింది. మీ హాస్టల్‌లో రోజుకు 20 కిలోల తడి చెత్త వస్తే నెలంతా కలిపి ఒక సిలిండర్‌కు కాస్త పైన గ్యాస్ వస్తుంది. ఎండ తగిలే చోటు, రోజూ చెత్త నలిపి పోసే మనిషి ఉంటేనే పెట్టండి. లేకపోతే రెండు నెలలకు అది ఖాళీ డ్రమ్మే.

నీళ్లు

నీళ్లకూ కార్బన్ ఉంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ సముద్రమట్టానికి 1,700 అడుగులకు పైన ఉంది. అంటే కృష్ణా నీళ్లను వెయ్యి అడుగులకు పైగా ఎత్తి, వంద కిలోమీటర్ల పైన తోసుకొస్తేనే మీ సంపులో పడతాయి. వెయ్యి లీటర్లకు యూనిట్ పైనే కరెంటు అవుతుంది. ఆ తర్వాత సంపు నుంచి టెర్రస్‌కు మీ మోటారు. వేసవిలో ట్యాంకర్ అయితే డీజిల్ అదనం.

కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్ల వాడకం తగ్గించే చిన్న జాలీలు) బిగించండి, ఒక్కోటి వందో రెండొందలో. ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఆటోమేటిక్ కట్ఆఫ్ పెట్టించండి. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు ఒక డ్రమ్ములోకి పట్టి ఫ్లోర్ తుడవడానికి, టాయిలెట్లకు వాడించండి. కారే ఫ్లష్ ట్యాంకులు వారానికోసారి చూసే పని వార్డెన్‌కు అప్పగించండి.

పైకప్పు, సోలార్: ఓనర్‌తో మాట్లాడాల్సినవి

పై అంతస్తు రూమ్‌లు ఏప్రిల్‌లో కుంపట్లు. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. డబ్బుల్లేకపోతే సున్నం కొట్టించినా కొంత ఫలితం ఉంటుంది, ఏటా కొట్టించాలంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ఓనర్‌ను ఒప్పించడానికి ఆ మాట పనికొస్తుంది. ఫిబ్రవరిలోనే వేయించాలి.

సోలార్ ప్యానెళ్ల లెక్క చూడండి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. 10 కిలోవాట్లు పెడితే నెలకు 1,200 యూనిట్లు, 840 కిలోల కార్బన్ తగ్గుతుంది. కానీ పీఎం సూర్యఘర్ పథకంలో ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ఇళ్ల కనెక్షన్లకే, కమర్షియల్ మీటర్‌కు రాదు. సబ్సిడీ లేకుండా పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మూడేళ్ల అగ్రిమెంట్‌కు అది కుదరని బేరం. నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) కూడా కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే ఇస్తారు, అంటే ఓనర్‌కే. పైగా అమీర్‌పేట లాంటి చోట పక్క బిల్డింగ్ నీడ, వాటర్ ట్యాంకు నీడ, బట్టల తీగలు పోగా మిగిలే చోటెంత?

మార్గాలు రెండున్నాయి. ఓనర్ పెట్టుబడి పెడితే, బిల్లులో మిగిలినదాంట్లో కొంత అద్దె పెంచి ఇవ్వడం. లేదా ప్యానెళ్లు కంపెనీయే పెట్టి, వాడిన యూనిట్లకు మాత్రం డబ్బులు తీసుకునే రెస్కో పద్ధతి. దీనికీ ఓనర్ సంతకం కావాలి.

ఇదంతా అగ్రిమెంట్ రెన్యువల్‌కు ఆరు నెలల ముందు మాట్లాడండి. అప్పుడు ఆయనకు మీరు ఉండటం అవసరం, మీకు బేరం ఆడే వీలుంటుంది. కాగితం మీద మూడు మాటలు రాయించుకోండి: ఒకటి, హాస్టల్ ఖర్చుతో బిగించిన ఫ్యాన్లు, వాటర్ హీటర్, సబ్‌మీటర్లు ఖాళీ చేసేటప్పుడు మీవే; రెండు, టెర్రస్ వాడుకునే హక్కు మీది, దాన్ని సెల్ టవర్‌కో ఇంకెవరికో ఇవ్వకూడదు; మూడు, నెట్ మీటర్ దరఖాస్తు మీద, లోడ్ పెంచే దరఖాస్తు మీద మీరు అడిగిన పది రోజుల్లో ఓనర్ సంతకం పెట్టాలి. విప్పాక గోడలకు, స్లాబుకు పడ్డ రంధ్రాలు మీరే పూడ్చిస్తామని మీ వైపు నుంచి ఒక మాట రాసిస్తే ఓనర్ తొందరగా ఒప్పుకుంటాడు.